షాకిల్, గుమ్మం, మూడు మెతుకులు

జూన్ 4

ఈ డైరీ గొంతు ఆసుపత్రి నర్సు ఇచ్చింది. మందుల కంపెనీది. ప్రతి పేజీ కింద ఒక మాత్ర బొమ్మ. నోటితో పోనిది పెన్సిల్‌తో పోనివ్వండి తాతగారూ అంది. నేనా, రాయడమా అని చెయ్యి ఊపాను. ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకంటే తిట్టాలి, తిట్టడానికి గొంతు లేదు.

నాకు చదువు లేదు. పనిచేసిన క్రేన్ల యార్డులో బోర్డులు చదవడానికి ఎంత కావాలో అంత నేర్చుకున్నా. నా కోడిగీతలు నాకు తప్ప ఎవరికీ అర్థం కావు, తప్పులుంటే ఉండనీ. ఎవడు చదవొచ్చాడు.

ఇవాళ కూతురు గ్రిల్‌కి బయట తాళం వేసి ఆఫీసుకి పోయింది. నన్ను లోపల పెట్టి.

జూన్ 5

నిన్న కోపంలో సగమే రాశా.

గొంతులో గడ్డ లేచిందని ఆపరేషన్ చేసి మాట పెట్టె మొత్తం తీసేశారు. మెడలో చిల్లు, చిల్లులో పైపు. గాలి అందులోంచే. మాట ఇక రాదు. యార్డులో నన్ను అరుపుల మేస్త్రి అనేవాళ్ళు. ఆ పేరు పెట్టినవాళ్ళు ఇప్పుడు చూస్తే పడీపడీ నవ్వుతారు.

నా పని క్రేన్‌కి సైగలివ్వడం. డ్రైవరు పైన కేబిన్‌లో ఉంటాడు, వాడికి కింద లోడ్ కనపడదు. నా చెయ్యే వాడి కన్ను. నేను ఎత్తమంటే ఎత్తుతాడు, దించమంటే దించుతాడు. ఇంకెవడు చేతులూపినా పట్టించుకోడు. ఒక్క ఆపు సైగ మాత్రం ఎవడిచ్చినా ఆపాలి. ఊడ్చేవాడిచ్చినా సరే, దారినపోయేవాడిచ్చినా సరే. ముందు ఆపి, తర్వాత ఎందుకురా అని అడగాలి. నా సర్వీసంతా ఆ రూలు తప్పినవాణ్ణి చూడలేదు.

తాళం ఎందుకంటే, పోయిన వారం కిందికి దిగాను. కొత్త వాచ్‌మన్ ఎవరు పెద్దాయనా, ఏ ఫ్లాటు అని అడిగాడు. ఎలా చెప్పను? నాలుగు వేళ్ళు చూపించా, నాలుగో అంతస్తు అని. నాలుగొందలు ఇమ్మంటున్నాననుకున్నాడు వెధవ. జబ్బ పట్టుకుని బయటికి తోశాడు. నేనూ తోశాను. నేను తోస్తే వాడు పూలకుండీలో కూర్చున్నాడు.

దాంతో కేసు, గోల, కూతురి ఏడుపు. తాళం.

జూన్ 7, పొద్దున

ఒప్పందం రాసి పెడుతున్నా, రేపు మాట మార్చకుండా.

యార్డు గోడ వెనక నా గది ఉంది. మా ఆవిడ పోయాక కూడా అక్కడే ఉన్నా. ఆపరేషన్ తర్వాత కూతురు ఇక్కడికి తెచ్చింది. వానలు తగ్గేలోపు ఫోన్లో మెసేజులు సరిగ్గా పెట్టడం వస్తే నీ గదికి నిన్ను పంపించేస్తాను నాన్నా, ఒంటరిగా ఉండేవాడు అవసరానికి పిలవగలగాలి కదా అంది. మాట న్యాయంగానే ఉంది. సరేనని తలూపా.

మరి అందాకా తాళం ఎందుకు? ఇల్లంటుకుంటే నేనేం చెయ్యాలి అని చేత్తో మంటలు చూపించా. అది కూడా మెసేజ్ పెట్టు నాన్నా అంది.

జూన్ 11

ఫోను అల్లుడి పాతది. ఆయన కాలేజీలో లెక్కల లెక్చరరు.

ఈ ఫోను మీద తెలుగు కొట్టడం నా వల్ల కాదు. ఇనప తాళ్ళు లాగి లాగి నా వేళ్ళు లావెక్కాయి. ఒకటి నొక్కితే రెండు పడతాయి. ఒత్తు ఎక్కడుందో వెతికేసరికి తెర ఆరిపోతుంది. పొద్దుటి నుంచి కొట్టి ఒక్క ముక్క పంపా. కూతురు ఫోన్ చేసి ఏమైంది నాన్నా, ఎవరు పడ్డారు అని కేకలు. నేను పాలు అని కొట్టా. ఏం వెళ్ళిందో ఏమో. ఫోన్‌లో ఆమె హలో హలో అంటుంటే నేను గోడకేసి గిన్నె కొట్టా, బతికే ఉన్నానని.

జూన్ 14

దొరికింది!

కింద భూగోళం బొమ్మ ఉంది. పొరపాటున నొక్కా. తెలుగు పోయి వేరే అక్షరాల పేజీ వచ్చింది. గడికో బొమ్మ. అల్లుడు తన లెక్కల కోసం పెట్టుకున్నవి, తీసెయ్యడం మర్చిపోయాడు.

చూడగానే ఒకదాన్ని గుర్తుపట్టా. Ω. ఇది షాకిల్! హుక్కుకీ తాడుకీ మధ్య వేసే ఇనప గుండీ, అచ్చం ఇదే. లోడ్ మొత్తం దాని మీదే ఆగుతుంది. మనిషిని నమ్మకపోయినా దాన్ని నమ్మొచ్చు.

ఒక్క నొక్కు, ఒక్క బొమ్మ. ఒత్తు లేదు, దీర్ఘం లేదు. సైగ అంటే ఇదీ.

సాయంత్రం కూతుర్ని కూర్చోబెట్టి ఒక్కోటి తెర మీద చూపించి చేత్తో చెప్పా.

Ω అంటే గట్టిగా ఉన్నా, బాగున్నా. Δ అంటే స్లింగ్ తాళ్ళు కట్టి ఎత్తిన లోడ్, అంటే నిద్ర లేచా. Φ అంటే చిల్లు, మధ్యలో పైపు. పైపు కడుక్కున్నా అని. Σ విరిగిన కుర్చీ. నడుం పట్టేసింది. ∴ మూడు మెతుకులు. తిన్నా. Π గుమ్మం. బయటికెళ్ళాలి, తలుపు తియ్యి.

షాకిల్ చూడగానే కూతురు నవ్వింది. చిన్నప్పుడు నాకు అన్నం క్యారియర్ తెచ్చి యార్డు గేటు దగ్గర నిలబడి నా సైగలన్నీ చేసేది. క్రేను డ్రైవర్లు చిన్న మేస్త్రీ అని పిలిచేవాళ్ళు. ఇవాళ మళ్ళీ ఆ మొహం కనపడింది.

జూన్ 15

Δ Φ ∴ Ω పంపా. వెంటనే జవాబు. ఏం తిన్నావు నాన్నా, గంజేనా, ఉప్పు వేసుకున్నావా అని పెద్ద ఉత్తరం. గెలిచాం.

జూన్ 16

అల్లుడికి నచ్చలేదు. పక్కన కుర్చీ వేసుకుని క్లాసు పీకాడు. మామయ్యగారూ, Δ అంటే మార్పట. Σ అంటే కూడికట. మూడు చుక్కలంటే కాబట్టి అని అట. ముందో మాట, వెనకో మాట లేకుండా ఉత్త కాబట్టి పెట్టకూడదట. మీరు పంపినదానికి అర్థమే లేదు, దేనికీ సమానం కాదు అన్నాడు.

తిన్నా, కాబట్టి బతికున్నా. చాలదా? చెప్పడానికి గొంతు లేక ఆయన ప్లేట్‌లో చపాతీ తీసుకుని తినేశా.

జూన్ 20

కళ్ళు మసక. Φ అనుకుని ఇంకేదో గీత ఉన్నది పంపా. కూతురు కంగారుపడింది.

అయితే ఇంకో సంగతి కనిపెట్టా. గడిని నొక్కి పట్టుకుంటే పైకి ఇంకో వరస లేస్తుంది. అవే బొమ్మలు, కానీ లావువి. నల్లగా, ఇనప రేకు కోసినట్టు. మూడు మెతుకులకి మాత్రం లావుది లేదు. పోనీ. మిగతావన్నీ ఇక లావువే వాడతా. ముసలాడి కళ్ళకి లావు అక్షరమే మర్యాద.

జూన్ 21

కూతురి జవాబు చిన్నదయింది. సరే నాన్నా అని. పనిలో ఉందేమో.

జూన్ 24

సరే నాన్నా. అంతే. ఏం తిన్నావు లేదు, ఉప్పు లేదు.

జూన్ 26

నడుం పట్టేసి విరిగిన కుర్చీ పంపా. సరే నాన్నా.

సాయంత్రం వచ్చి నడుం ఎలా ఉందని అడగలేదు. అరటిపండు ఒలిచి ముక్కలు చేసి నోట్లో పెట్టబోయింది. చెయ్యి తోసేశా. అది వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. నాకేం అర్థం కాలేదు.

జూన్ 29

పొయ్యి నాబ్ లేదు. పీకి దాచారు. గంజి వేడిచేసుకోవడానికి లేదు. చల్లగా తాగా.

గుమ్మం బొమ్మ పంపా. Π. వాన ఆగింది, కిందికెళ్ళి గోడ పక్క ఎండలో నిలబడాలి, వచ్చి తాళం తీసి పో, ఆఫీసు రెండు వీధులే కదా. సరే నాన్నా అని వచ్చింది. చొక్కా మార్చుకుని చెప్పులేసుకుని గ్రిల్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నా.

చీకటి పడ్డాక వచ్చింది. ఎక్కడికి నాన్నా తయారయ్యావు అంది. ఆ అడగడం ఎలా ఉందంటే, పసిపిల్లాడు తువ్వాలు చుట్టుకుని రాజునన్నప్పుడు అడుగుతారే, అలా.

జూలై 1

Π. సరే నాన్నా.

Π Π. సరే నాన్నా.

కాదని తాళం వేస్తే ఒక లెక్క. సరేనని తాళం వేస్తుంది నా కూతురు.

జూలై 3

నా చొక్కా జేబులో కార్డు కుట్టింది. దాని మీద దాని ఫోను నంబరు, ఈ ఫ్లాటు నంబరు. ఈయన మాట్లాడలేరు, దయచేసి ఫోన్ చెయ్యండి అని. నా పేరు మాత్రం ఎందుకులే అనుకుందో ఏమో. కూలివాళ్ళు లోడ్ మీద చీటీ అంటిస్తారు, ఎక్కడ దించాలో. అదీ నా పరిస్థితి.

కుట్టు విప్పి పారేశా. అద్దంలో చూసుకుంటే జేబు చిరిగింది.

జూలై 6, మధ్యాహ్నం

ఈ గ్రిల్‌లో అడ్డ ఊచలున్నాయి, నిలువు ఊచలున్నాయి. ఎదురు ఫ్లాటు తలుపు ముక్కలు ముక్కలుగా కనపడుతుంది. ఎదురింటి కుట్టుమిషన్ ఆవిడ చెత్త పెట్టడానికి వచ్చింది. ఊచలు పట్టుకుని చెయ్యి బయటికి పెట్టా, నమస్కారం చెప్దామని. ఆవిడ చెత్త అక్కడే వదిలి లోపలికి పరిగెత్తింది.

యార్డులో అంతమంది నా చెయ్యి చూసి కదిలేవాళ్ళు. ఇప్పుడు నా చెయ్యి చూసి పారిపోతున్నారు.

జూలై 9

ఇవాళ్టిది రాయకపోతే పైపు పగిలిపోతుంది.

కూతురు వంటింట్లో ఫోన్ మాట్లాడుతోంది. మాట పోయినవాడికి చెవులు కూడా పోయాయనుకుంటారు జనం. అవతల నా గది ఓనరమ్మ. నాన్న ఇక రాడండీ అంది. ఆదివారం వచ్చి సామాను తీసేస్తాం, పాత ఇనప సామాన్లవాడెవరైనా ఉంటే చెప్పండి అంది. నాన్నకి ఇప్పుడు తిండి ఒక్కటే గుర్తుందండీ అని ఏడ్చింది. తలకాయ డాక్టరు దగ్గరికి సోమవారం తీసుకెళ్తున్నాం అంది.

నాకా? తిండి ఒక్కటే గుర్తుందా?

వంటింటి గుమ్మంలో నిలబడి రెండు చేతులూ పక్కలకి చాచా. అరచేతులు నేలకేసి. అటూ ఇటూ ఊపా. ఆపు సైగ. అది పుట్టి బుద్ధి ఎరిగిన దగ్గర్నుంచి చూసిన సైగ. యార్డు గేటు దగ్గర అది ఆ చిన్న చేతులు చాస్తే, క్రేను డ్రైవరు నవ్వుతూ నిజంగానే హుక్ ఆపేవాడు.

కూతురు ఫోన్ పక్కన పెట్టింది. వచ్చి నా చేతులు రెండూ పట్టుకుని మెల్లగా కిందికి దించింది. ఏం కాలేదు నాన్నా, ఏం కాలేదు, కూర్చో అంది.

సైగని చేత్తో పట్టి దించడం నేనెక్కడా చూడలేదు.

జూలై 10

ఏమీ పంపలేదు.

జూలై 11

పంపలేదు. ఫోన్ మోగింది. గిన్నె కూడా కొట్టలేదు.

జూలై 12

ఆదివారం. వాళ్ళిద్దరూ నా గదికెళ్ళి వచ్చారు. ట్రంకు పెట్టె తెచ్చారు. నా కుర్చీ, హెల్మెట్ ఇనప సామాన్లవాడికి వేశారట. తాళం చెవి రేపు తిరిగి ఇచ్చేస్తామని చెప్పి వచ్చారట.

హెల్మెట్ మీద నా చేత్తో పెయింట్ వేసిన షాకిల్ ఉండేది.

జూలై 13, రాత్రి కాకముందే రాస్తున్నా

పొద్దున తలకాయ డాక్టరు దగ్గరికి బయల్దేరాం. కూతురు టాక్సీ చూస్తానని మెట్ల మీద ముందే దిగిపోయింది. నేనూ అల్లుడూ లిఫ్ట్‌లో. పాత లిఫ్ట్, లోపల మడత గ్రిల్. ఇక్కడా గ్రిల్లే అనుకున్నా. నాలుగుకీ మూడుకీ మధ్య కరెంటు పోయింది.

చీకటి. అల్లుడు ముందు నవ్వాడు. తర్వాత బటన్లన్నీ నొక్కాడు. తర్వాత గ్రిల్ కొట్టడం, వాచ్‌మన్, వాచ్‌మన్ అని అరవడం. ఎంత గొంతో! దేవుడు ఎవరికి ఏది ఇవ్వాలో చూసుకోడు. ఆయన ఫోను ఇంట్లో చార్జింగ్‌లో వదిలేశాడు. నా ఫోను లాక్కున్నాడు. టవర్ లేదు. టార్చి వెలిగించాడు. చొక్కా తడిసిపోయింది. గది మూసేస్తే ఊపిరాడదు మామయ్యా నాకు, చిన్నప్పటి నుంచీ ఇంతే అన్నాడు. నాకు మెడలో చిల్లుంది, ఆయనకి ఊపిరాడదట.

మడత గ్రిల్ లాగి తెరిచాడు. ఎదురుగా గోడ. గోడ పైన ఛాతీ ఎత్తులో నాలుగో అంతస్తు అంచు, దాని తలుపు. చెయ్యి పైకి పెట్టి దాని గొళ్ళెం తీశాడు. వెలుతురు పడింది. ఫోన్ నా చేతిలో పెట్టి, మామయ్యా, చేతులు కలిపి పట్టండి, కాలు పెట్టి పైకి పాకుతాను అన్నాడు.

పైన ఆగిన లోడ్ ఇది. కరెంటు ఏ క్షణాన వస్తుందో తెలీదు. వచ్చినప్పుడు మనిషి సగం లోపల, సగం బయట.

అరవలేను. ఫోన్ కింద పడేసి రెండు చేతులూ చాచి ఆపు సైగ ఇచ్చా. ఇరుకులో చేతులు రెండు గోడలకీ తగిలాయి. ఇదేం ఆటరా బాబూ, జరుగు అన్నాడు. మామని రా అన్నాడు, గుర్తుపెట్టుకున్నా. మళ్ళీ ఇచ్చా. నా మొహంలో ఏం కనపడిందో, అంచు మీద నుంచి చెయ్యి తీశాడు. కాలు కింద పెట్టాడు. ఎందుకు అన్నాడు. ముందు ఆపాడు, తర్వాత అడిగాడు.

అప్పుడే లిఫ్ట్ జర్రున కిందికి పడింది. ఒక మనిషి నడుమంత దూరం జారి మళ్ళీ ఆగింది. పైన అంచుకీ లిఫ్ట్ కప్పుకీ మధ్య జానెడు సందు.

ఆ సందుకేసి ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. అల్లుడు జారి కింద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నా.

కాసేపటికి భార్యకి మెసేజ్ అన్నా వెళ్తుందేమో చూద్దామని ఫోన్ తీసుకున్నాడు. తెరిచి అలా చూస్తూనే ఉన్నాడు. వేలితో పైకి తోస్తున్నాడు, ఇంకా పైకి. మామయ్యగారూ, ఇవన్నీ మీరు పంపినవేనా అన్నాడు. తలూపా. ఇవి సరైన అక్షరాలే కదా అన్నాడు. మరేమిటనుకున్నాడో.

ఆయనకి ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఆ చీకట్లో తెలియలేదు. అప్పుడు చెప్పాడు. కూతురి ఫోను మరీ పాతదట. లావు అక్షరాలు దానికి తెలియవట. తెలియనిదాని బదులు ఒక ఖాళీ చదరం వేసి ఊరుకుంటుందట. నేను ఏం పంపినా అక్కడ చదరాల వరసే. ఖాళీ డబ్బా, ఖాళీ డబ్బా, ఖాళీ డబ్బా. మధ్యలో మూడు చుక్కలు మాత్రం వచ్చేవట. మొదట్లో అన్నీ బాగా వచ్చాయి కాబట్టి ఫోన్ మీద అనుమానం రాలేదట. నాన్న చేతికొచ్చింది నొక్కుతున్నాడు, తిన్నానని చెప్పడం ఒక్కటే మిగిలింది అని రోజూ రాత్రి చూపించి ఏడ్చేదట. అడిగితే నేను నొచ్చుకుంటానని సరే నాన్నా అని పెట్టేదట.

Π చూపించి ఇదేమిటి అన్నాడు. ఎదురుగా ఉన్న గోడ చూపించా. తర్వాత గుమ్మం గీసి తలుపు తోసినట్టు చెయ్యి చూపించా. ఆయన మళ్ళీ ఫోన్ చూసుకున్నాడు. ఎన్ని గుమ్మాలున్నాయో చూసుకున్నట్టున్నాడు. దేనికి సమానమో అడగలేదు.

చివరికి పైన ఎవరో చేత్తో చక్రం తిప్పి మమ్మల్ని దించారు. తలుపు తీస్తే వాచ్‌మన్. పూలకుండీ వాచ్‌మనే. చెయ్యిచ్చి లేపాడు. తీసుకున్నా.

జూలై 13, ఇంకొంచెం

అలిసిపోయి ఆపా. అసలుది ఇది.

అల్లుడు కింద మెట్ల దగ్గర నా ఫోను కూతురి చేతిలో పెట్టి, ఆయన ఏం రాశాడో ఆయన ఫోన్లో చూడు అన్నాడు. అది మెట్టు మీద కూర్చుంది. మొదట Ω దగ్గర ఆగింది. తర్వాత విరిగిన కుర్చీ. తర్వాత గుమ్మం. దాని కింద తన సరే నాన్నా. గుమ్మం. సరే నాన్నా. గుమ్మం, గుమ్మం. సరే నాన్నా.

దానికి చదవడం నేను నేర్పాల్సిన పని లేదు. చిన్న మేస్త్రి అది.

బయట టాక్సీవాడు హారన్ మీద హారన్. కూతురు లేచింది. గేటు దాకా పోయి వాడి ఎదురుగా నిలబడి రెండు చేతులూ పక్కలకి చాచింది. అరచేతులు నేలకేసి. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేతులు మాత్రం సరిగ్గా ఉన్నాయి. టాక్సీవాడు హారన్ ఆపేశాడు.

అక్కణ్ణించే ఓనరమ్మకి ఫోన్ చేసింది. తాళం చెవి తిరిగి ఇవ్వడం లేదు, నాన్న వస్తున్నాడు అంది.

తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. నేను అడిగేవాణ్ణే.

జూలై 14

ఇక్కడ పొద్దుటి నుంచి గ్రిల్‌కి తాళం లేదు. నేను ఎక్కడికీ వెళ్ళలేదు. తెరిచి, మూసి, తెరిచి చూశా. కుట్టుమిషన్ ఆవిడ తలుపు సందులోంచి చూస్తోంది. చూడనీ.

జూలై 19

రేపు ప్రయాణం. కూతురి షరతులు: సన్న అక్షరాలే వాడాలి. లేవగానే ఒకటి, పడుకునే ముందు ఒకటి పంపాలి. పంపకపోతే అది ఉన్నదున్నట్టు బయల్దేరి వస్తుంది. పైపు మూసుకుపోతే ఎవరైనా లోపలికి రావాలి కాబట్టి గది తలుపుకి గడియ పెట్టుకోకూడదు. అన్నిటికీ తలూపా.

అల్లుడు కొత్త హెల్మెట్ తెచ్చాడు. పసుపుది. దాని మీద నల్ల పెయింట్‌తో షాకిల్ తనే వేశాడు. వంకరగా వేశాడు. లెక్చరరు.

జూలై 20, సాయంత్రం

నా గది. గడియ పెట్టా. లోపలి నుంచి, నేనే.

Ω